వరసలో రాయి

రాయి మీద బొగ్గుతో 417 అని రాసి, శిబ్రు దాన్ని వరసలో మూడో రాయి వెనక పెట్టాడు. రెండడుగులు వెనక్కి వేసి, అంకె రోడ్డు మీదికి కనబడుతోందా లేదా అని చూసుకున్నాడు. కనబడుతోంది.

అది అతని కారు నంబరులో చివరి మూడంకెలు. దిల్లా ఊరంతటికీ ఉన్న ఒకే ఒక్క చార్జింగ్ స్టేషనులో కార్లు బారుగా నిలబడేంత చోటు లేదు. అందుకని కార్ల బదులు రాళ్ళు నిలబడతాయి, కుళాయి దగ్గర మనుషుల బదులు డబ్బాలు నిలబడ్డట్టే. రాయి పెట్టినవాడు వెళ్ళి నాలుగు బాడుగలు తిప్పుకు రావచ్చు, ఎక్కడైనా కాఫీ తాగి రావచ్చు. తిరిగొచ్చేసరికి అతని రాయి అతని చోటులోనే ఉంటుంది. దాన్ని పక్కకు తన్నినవాడు గానీ, దాటి ముందుకు పోయినవాడు గానీ ఇంతవరకు లేడు. ముందు కారు కదలగానే ముసలి కాపలాదారు జిగ్సో లేచి వచ్చి, ఒక్కొక్క రాయినీ చెప్పుకాలితో జానెడు ముందుకు జరుపుతాడు. అంకె పక్కకి తిరిగితే వంగి మరీ సరిచేస్తాడు.

కాని ఆ సోమవారం జిగ్సో పొద్దుట్నుంచి స్టూలు మీంచి లేవలేదు. లేవాల్సిన పని పడలేదు. స్టేషనులో చార్జింగు పెట్టే గన్నులు రెండు. ఒకదాని మూతికి ప్లాస్టిక్ సంచీ కట్టి రెండు నెలలైంది. దానికేదో సామాను రాజధాని అడిస్ నుంచి రావాలట. రెండోది తెల్లకారుకి పెట్టి ఉంది. ఆ కారు పక్క వీధిలోని ఓ ఆఫీసులో పెద్ద తలకాయది. దాని డ్రైవరు ఫికాదు రోజూ ఎనిమిదింటికి తెచ్చి గన్ను తగిలిస్తాడు. తొమ్మిదిన్నరకల్లా కారు నిండుతుంది, పచ్చ దీపం వెలుగుతుంది. ఆ పచ్చ దీపం సాయంత్రం ఐదింటికి ఆఫీసు వదిలేదాకా అలా వెలుగుతూనే ఉంటుంది. స్టేషను మొత్తానికి రేకుల నీడ ఉన్నది ఆ ఒక్క చోటే. ఐదు తరవాత, ఆరింటికి జిగ్సో గొలుసు వేసేలోపు, ఊళ్ళోవాళ్ళలో ఒకడికి చార్జింగు దొరుకుతుంది. అంటే రోజుకో రాయి కదులుతుందన్నమాట.

"బాబాయ్, నిండిన కారుకి ఇంకా గన్నెందుకు? తీసెయ్యరాదా?" అన్నాడు శిబ్రు.

జిగ్సో తన చేతికర్ర చూపించాడు. "నాకిచ్చింది ఇది, నాయనా. గన్ను పీకే అధికారం ఇవ్వలేదు. పెట్టినవాడే తియ్యాలి."

పెట్టినవాడు సీటు వెనక్కి వాల్చుకుని హుషారెక్కించే చాట్ ఆకు నముల్తున్నాడు. శిబ్రు అతని వైపు ఓ చూపు చూసి, నోట్లో మాట నోట్లోనే నమిలి మింగేశాడు. ఆఫీసు నంబరు పలక ఉన్న కారుతో ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాడు. కాని మర్నాడు మంగళవారం. మంగళ, శుక్రవారాలు లెమ్మా మేష్టారిని డయాలిసిస్‌కి హవాసా తీసుకెళ్ళాలి. పోను తొంభై కిలోమీటర్లు, రాను తొంభై. రక్తం కడిగించుకున్నాక మేష్టారు నిటారుగా కూర్చోలేరు. ఒకసారి పదిహేనుమంది కూరిన వ్యానులో వచ్చి, దిగుతూనే రోడ్డు మీద పడిపోయారు. అప్పట్నుంచి వెనక సీటు మీద పడుకోబెట్టి తీసుకొచ్చే బాధ్యత శిబ్రుదే. ఒకటో తరగతిలో అతనికి అక్షరాలు దిద్దించినాయన ఆయన. ఒక్క విడత తప్పితే ఏమవుతుందో డాక్టరు మెత్తగా చెప్పలేదు.

సాయంత్రం ఐదింటికి అతను ఇల్లు చేరేసరికి చార్జి ఇరవై రెండు శాతం ఉంది.

ఆరు వాటాల ఇల్లది. మధ్యలో వాకిలి, వాకిలి చివర రేకుల కింద వాటాలన్నిటికీ కలిపి ఒక కరెంటు పెనం. రోజూ తినే ఇంజెరా, అంటే పులిసిన పిండి అట్టు, వేసే పెనం వేడెక్కాలంటే ఇంట్లో ఉండే చిన్న ప్లగ్గు చాలదు. అందుకని ఇంటావిడ గోడకి లావుపాటి తీగతో ప్రత్యేకంగా ఒక ప్లగ్గు పెట్టించింది. పెనం ఏ రోజు ఎవరి వంతో తలుపు మీద కాగితం అంటించి ఉంటుంది. సోమ, గురువారాలు ఐదో వాటా బొగలెచ్‌వి. శిబ్రుకి ఆ కాగితంతో పని లేదు. ఒంటరివాడు, ఇంజెరా కొనుక్కు తింటాడు. కారు చార్జింగు పెట్టుకోవచ్చా అని ఇంటావిడని అడిగితే సరేనంది. ఆ సరే అతనికి సరిపోయింది.

పెనం ప్లగ్గు పీకి పక్కన పెట్టి, తన కారు ప్లగ్గు గుచ్చాడు. పన్నెండు గంటలు పడుతుంది నిండటానికి. తెల్లవారి ఐదుకి బయల్దేరాలంటే ఇప్పుడే పెట్టాలి. వాకిలి రోడ్డు వైపు వాలుగా ఉంటుంది. చేతి బ్రేకు మీద అతనికి మొదట్నుంచీ నమ్మకం లేదు. ప్లగ్గు కింద గోడవార చిన్న గుమ్మడికాయంత రాయి ఒకటి ఎప్పుడూ ఉంటుంది. దాన్ని కాలితో దొర్లించి వెనక చక్రం కిందికి తోశాడు. చెప్పుకి మసి అంటితే గడ్డిలో రుద్దుకున్నాడు. వంటచోటు కదా, మసి ఉండదా మరి.

బొగలెచ్ పిండి బకెట్టు పట్టుకుని తన గుమ్మంలో నిలబడి ఉంది. ముప్ఫై అయిదేళ్ళ మనిషి, తలకి ఎప్పుడూ గట్టిగా గుడ్డ కట్టుకుని ఉంటుంది. బకెట్లో పిండి పొంగి మూతని పైకి నెడుతోంది.

"రేపు మేష్టారి రోజు కదన్నా," అంది.

"అవును చెల్లెమ్మా. ఏం చెయ్యమంటావు, అక్కడ చూస్తే మనుషులా వాళ్ళు," అని శిబ్రు మొదలుపెట్టి, తెల్లకారు సంగతి, పచ్చ దీపం సంగతి, తన రాయి సంగతి అన్నీ వరసగా ఏకరువు పెట్టాడు. ఆవిడ అన్నీ విన్నది. కారు కింద చక్రం వైపు ఒకసారి చూసింది. బకెట్టు మీద తడిగుడ్డ కప్పి లోపలికి తీసుకుపోయింది. అడ్డు చెప్పే మనిషి కాదు బొగలెచ్ అని శిబ్రు మనసులో మెచ్చుకున్నాడు.

మర్నాడు తెల్లవారి ఐదుకి అతను తలుపు తీసేటప్పటికే ఆవిడ గోడ పక్కన బకెట్టుతో నిలబడి ఉంది. ఎప్పుడూ అంతే. కోడికంటే ముందు లేచే మనిషని అతను ఆవిడ గురించి నలుగురితో గొప్పగా చెప్పేవాడు. ప్లగ్గు తీశాడు. రాయిని చక్రం కిందనుంచి తన్ని గోడవారకి పంపాడు. అతని కారు గేటు దాటకముందే వెనక పెనం మూత చప్పుడు వినిపించింది.

లెమ్మా మేష్టారిని వెనక సీటు మీద దుప్పటి పరిచి పడుకోబెట్టాడు. వెళ్ళేటప్పుడు ఆయన మాటకారిగానే ఉంటారు. రోడ్డుకి రెండు పక్కలా అరటిలాంటి ఎన్సెట్ చెట్ల ఆకుల మీద మంచు ఇంకా ఆరలేదు. శిబ్రు ఎత్తుల దగ్గర ఒకలా, పల్లాల దగ్గర ఒకలా కాలు ఆనిస్తూ, చార్జి అంకెలు ఎక్కడ తగ్గుతున్నాయో ఎక్కడ ఒకటి రెండు పెరుగుతున్నాయో చూసుకుంటూ నడుపుతున్నాడు. ఏసీ వెయ్యడు. వైపరు కూడా ఆలోచించి వేస్తాడు.

"ఒరే శిబ్రూ, మీ ఇంట్లో ఉంటుందే, బొగలెచ్," అన్నారు మేష్టారు. "ఆవిడ ఇంజెరా ఈమధ్య మా ఇంటికి రావట్లేదు. పొద్దున్నే మెత్తగా వచ్చేది. ఇప్పుడు తొమ్మిదైతే గాని రాదని, వచ్చినా బాగా పులిసిపోయి ఉంటోందని మా కోడలు మానేసింది."

"నాలుగు చోట్ల గిరాకీ తగిలితే ఎవరికైనా బద్ధకం వస్తుంది మేష్టారూ."

"ఆవిడకా బద్ధకం?" అన్నారాయన.

వచ్చేటప్పుడు మేష్టారు మాట్లాడలేదు. మొహం సున్నం కొట్టినట్టుంది. శిబ్రు అద్దంలోంచి ఆయన ఛాతీ కదులుతోందా అని చూస్తూ వచ్చాడు. దిల్లా చేరేసరికి పద్దెనిమిది శాతం మిగిలింది. ఇలాంటి మనిషిని ఎదురుగా పెట్టుకుని, నీడ కోసం గన్ను పట్టుకు కూర్చునేవాణ్ణి తలుచుకుని రెండు తిట్లు తిట్టుకున్నాడు.

బుధవారం క్రైస్తవులకి ఉపవాసం రోజు. స్టేషను ఎదురుగా కాఫీ కాచే ఆవిడ దగ్గర శిబ్రుతో కలిపి డ్రైవర్లు నలుగురు చేరారు. ఒకే పొడితో మూడు వాయిలు కాస్తుందావిడ. మొదటి వాయి కాఫీకి నలుగురూ పులులే. ఆ ఫికాదు మెడపట్టి దింపుతామన్నారు, ఆఫీసుకి వెళ్ళి ఆ పెద్ద తలకాయనే నిలదీస్తామన్నారు. రెండో వాయికి ఎవరు ముందు మాట్లాడాలన్న ప్రశ్న వచ్చింది. ఒకతని లైసెన్సు గడువు దగ్గర పడింది. ఇంకొకతని తమ్ముడు ఆ ఆఫీసులోనే పనిచేస్తున్నాడు. మూడో వాయి నీళ్ళకాఫీ అయ్యేసరికి, వయసులో పెద్దవాడు శిబ్రుయే గనక శిబ్రు మాట్లాడితే బాగుంటుందని తేల్చి, ఎవరి దారిన వాళ్ళు లేచిపోయారు. ఆ సాయంత్రం జిగ్సో ఒకసారి లేచాడు. 417 ముందుకొచ్చి మొదటి రాయి అయింది.

గురువారం మధ్యాహ్నం మూడింటికి శిబ్రు కారు తెచ్చి తన రాయి పక్కన ఆపాడు. ఇరవై ఆరు శాతం. ఎండ ఇంకా మండుతోంది. రేకుల కింద తెల్లకారు పచ్చ దీపంతో చల్లగా నిలబడి ఉంది. మూడున్నరయింది. కారు దిగి, బట్టతో అద్దం తుడిచాడు. తుడిచిన అద్దమే మళ్ళీ తుడిచాడు. వెనక రాళ్ళవాళ్ళు ముగ్గురు దూరంగా నిలబడి చూస్తున్నారు. శిబ్రు బట్ట భుజం మీద వేసుకుని వెళ్ళి తెల్లకారు అద్దం మీద వేలితో కొట్టాడు.

ఫికాదు అద్దం దించాడు. పాతికేళ్ళుంటాయి, బుగ్గ ఒక పక్క ఆకుతో ఉబ్బి ఉంది.

"నీ కారు నిండి ఎంతసేపయింది తమ్ముడూ?"

ఫికాదు ముందున్న తెర చూశాడు. "పొద్దున్నే నిండింది."

"మరి ఇంకా పట్టుకుని వేలాడతావేం? వెనక ఒకడున్నాడన్న స్పృహ ఉండక్కర్లేదా? రేపు నేనో జబ్బు మనిషిని హవాసా తీసుకెళ్ళాలి. నీకిది నీడ. ఆయనకిది ప్రాణం."

ఫికాదు సీటు నిటారుగా లేపాడు. "తీస్తాలే అన్నా. మా సారుకి కారు ఇక్కడున్నా ఒకటే, చెట్టుకిందున్నా ఒకటే. రెండు నెలల్నుంచి ఇక్కడే కూర్చుంటున్నా. ఒక్కడొచ్చి అడగలేదు. అడక్కపోతే ఎవరికీ ఇబ్బంది లేదనుకున్నా."

గొడవకి సిద్ధపడి వచ్చిన శిబ్రుకి ఆ జవాబు మరీ ఒళ్ళు మండించింది. "నోటితో అడగాలా? ఇన్ని రాళ్ళు కళ్ళెదురుగా ఉన్నాయి. రాయి పెట్టడమంటేనే అడగడం. నీకు అంకెలు చదవడం రాదా?"

ఫికాదు తల బయటపెట్టి రాళ్ళ వైపు చూశాడు. "రోజూ చూస్తూనే ఉన్నా. చదవలేదు," అన్నాడు. దిగి, గన్ను తీసి మేకుకి తగిలించి, కారు తీసుకుని రోడ్డవతల చెట్టు కిందికి పోయాడు. అంతే. రెండు నెలల సంగతి రెండు నిమిషాల్లో తేలిపోయింది.

దూరంగా ఉన్న ముగ్గురూ ఇప్పుడు దగ్గరికొచ్చి శిబ్రు వీపు తట్టారు. నిండేదాకా కాక, అందరికీ తలా అరగంట చొప్పున పెట్టుకుందామని శిబ్రుయే అన్నాడు. వెనకవాడి గురించి అంతసేపు ఉపన్యాసం ఇచ్చినవాడికి ఆ మాట అనక తప్పలేదు. అరగంటకి యాభై ఎనిమిది శాతం వచ్చింది. మిగతాది ఇంటి దగ్గర పెట్టుకోవచ్చు, ప్లగ్గు ఉండనే ఉంది. గన్ను తన చేత్తో తీసి వెనకతనికి ఇచ్చాడు. జిగ్సో స్టూలు మీంచి లేచి, కర్ర గోడకి ఆనించి, మిగిలిన రాళ్ళన్నిటినీ ఒక్కొక్కటే ముందుకు జరిపాడు. చివరి రాయి అంకె పక్కకి తిరిగింది. వంగి సరిచేశాడు. శిబ్రు నిలబడి అది చూశాడు. చాలా రోజుల తరవాత అతని మనసు నిండుగా ఉంది.

ఐదున్నరకి కారు వాకిట్లోకి ఎక్కించాడు. ఈల వేస్తూ పెనం ప్లగ్గు పీకాడు, కారు ప్లగ్గు గుచ్చాడు. చక్రం కిందికి రాయి కావాలి. జిగ్సో వంగి రాళ్ళు సరిచెయ్యడం చూసి వచ్చినందుకో ఏమో, కాలితో దొర్లించకుండా వంగి రెండు చేతులా ఎత్తాడు. అరచేతులకి మసి అంటుకుంది. తిప్పి చూశాడు.

రాయి మీద బొగ్గుతో 5 అని ఉంది. దాని కింద, సోమ, గురు.

పాత మసి మీద కొత్త మసి. కింద చెరిగిన గీత ఒకటి, దాని మీద మళ్ళీ దిద్దిన గీత, దాని మీద ఇంకోటి. ఒక అంచున చక్రం నలిపిన గుర్తు నల్లగా మెరుస్తోంది. శిబ్రు రాయి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

బొగలెచ్ బకెట్టుతో గుమ్మంలోకి వచ్చింది. అతని చేతుల్లో రాయి చూసి ఆగింది.

"ఎప్పట్నుంచి పెడుతున్నావు?" అన్నాడు.

"వానలు మొదలైనప్పట్నుంచి అన్నా. వానకి చెరిగిపోతుంటే మళ్ళీ రాస్తున్నా."

వానలు మొదలై రెండు నెలలు. శిబ్రు లోపల వెతుక్కుని వెతుక్కుని అడిగాడు: "కాలేజీ మెస్సుకి ఇంజెరా వేస్తుంటావు కదా?"

"అది పోయింది. వాళ్ళకి ఆరింటికల్లా అందాలి. మీ కారు ఐదుకి గాని కదలదు. అరవై ఇంజెరాలు గంటలో పడవు కదా. రాత్రంతా ఆగితే పిండి కూడా మరీ పుల్లగా అయిపోతోంది. ఇప్పుడు గేటు దగ్గర కూర్చుని అమ్ముకుంటున్నా."

"రేపు నేనొచ్చి మెస్సువాళ్ళతో మాట్లాడతాను."

"వద్దన్నా. ఇంకొకావిడ వేస్తోంది వాళ్ళకి. ఆవిడకీ పిల్లలున్నారు."

శిబ్రుకి నోటి చివరికి ఒక మాట వచ్చింది. నాతో ఒక్క మాట అనకపోయావా చెల్లెమ్మా, అడక్కపోతే నాకెలా తెలుస్తుంది అని. సగం నోరు తెరిచాడు. రెండు గంటల కిందట ఈ మాట ఎవరి నోట విన్నాడో గుర్తొచ్చి, తెరిచిన నోరు మూసేశాడు. ఫికాదు నీడలో కూర్చోవడమే చేశాడు, వెనకవాడి గురించి ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు.

అతను సగంలో ఆపిన మాట ఆవిడకి వినబడినట్టే ఉంది. "మేష్టారి ప్రాణం కదన్నా," అంది. "నోరు తెరిచి ఎలా అడుగుతాను? అందుకే రాయి పెట్టాను."

శిబ్రు రాయిని ప్లగ్గు కింద, అది ఉండాల్సిన చోట, అంకె బయటికి కనబడేటట్టు పెట్టాడు. కారు ప్లగ్గు పీకాడు. పెనం ప్లగ్గు తనే గుచ్చబోయి, అది ఎటు తిప్పి గుచ్చాలో తెలియక తడబడితే, ఆవిడ వచ్చి అందుకుంది. రెండు నెలల్లో అతను దాన్ని పీకడమే గాని గుచ్చి ఎరగడు.

పెనం వేడెక్కడానికి పావుగంట పట్టింది. బొగలెచ్ ఆవపొడి చల్లి, గుడ్డతో పెనం అంతా తుడిచింది. చెంబుతో పిండి ముంచి, అంచునుంచి మొదలుపెట్టి చుట్టూ తిప్పుతూ మధ్యకి తెచ్చి ఆపింది. పిండి మీద కళ్ళు కళ్ళుగా చిల్లులు విచ్చుకున్నాయి. మూత పెట్టింది. తీసి, అల్లిక చాప కిందికి దోపి, ఇంజెరాని చిరగకుండా లాగి పక్కన పరిచింది. మళ్ళీ ఆవపొడి, మళ్ళీ గుడ్డ. అరవై సార్లు ఇదే పని.

శిబ్రు లెక్క వేసుకున్నాడు. యాభై ఎనిమిది ఉంది. ఆవిడ తొమ్మిదికి ముగిస్తే, ఐదు దాకా ఎనిమిది గంటలు. కరెంటు పోకపోతే మేష్టారిని తీసుకెళ్ళి తీసుకురావడానికి సరిపోతుంది. స్టేషనులో అరగంట దొరికి ఉంటే, ఇన్నాళ్ళూ ఇలాగే సరిపోయేది. సోమవారం తెల్లకారు మళ్ళీ నీడలోకి వస్తే మళ్ళీ అద్దం మీద కొట్టాలి. కొడతాడు. ఆ పని ఇప్పుడు అతనికి వచ్చు.

గేటు బయటికి వెళ్ళి రెండు రాళ్ళు ఏరుకొచ్చాడు. ఒకటి చక్రం కింద పెట్టాడు. ఆవిడ కాఫీ కుంపటిలోంచి చల్లారిన బొగ్గు ముక్క తీసుకుని, రెండో దాని మీద 417 అని రాసి, ఐదో నంబరు రాయి వెనక పెట్టాడు. రెండడుగులు వెనక్కి వేసి, అంకె కనబడుతోందా లేదా అని చూసుకున్నాడు. బొగలెచ్ పెనం మీంచి తలెత్తలేదు.

తొమ్మిది కావస్తుండగా ఆఖరి ఇంజెరా దిగింది. ఆవిడ పెనం ప్లగ్గు తీసింది. తన రాయిని ఎత్తి గుమ్మం పక్కన పెట్టుకుంది. తిరిగొచ్చి, శిబ్రు రాయిని చెప్పుకాలితో ఒక జానెడు ముందుకు జరిపి, ఇంజెరాల బుట్ట ఎత్తుకుని లోపలికి వెళ్ళింది.